రాత్రి వంతు

పనీపాటా లేక వంశవృక్షం గీస్తున్నానని మా అన్నయ్య ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. నాకు ఆ సరదా ఎప్పుడూ లేదు. నాన్న ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "పోయేలోపు చిన్నతాత వైపు మనిషిని ఒక్కణ్ణైనా చూడాలనుందే" అన్నాడు. తొంభై ఏళ్ల ఆ మనిషి ఎవరినీ ఏదీ అడగడు. పళ్లసెట్టు విరిగితే కొత్తది కావాలని కూడా నోరు తెరిచి అడగలేదు. నాకు తెలిసేదాకా మెత్తటివి ఏరుకుని తింటూ కూర్చున్నాడు. అలాంటివాడు అడిగాక కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

నాన్నకి తాత, అంటే మా ముత్తాత, ఒక రైతు. ఆయనకి ఒక్కడే తమ్ముడు, నాన్న చెప్పే చిన్నతాత. తండ్రి పోయాక పొలం రెండు ముక్కలైంది. కాలువ ఎగువన ఉన్న పై చేను అన్నకి, దాని కిందనే ఉన్న చేను తమ్ముడికి. తర్వాత పెద్ద కరువొచ్చింది. తమ్ముడు చేను వదిలేసి, పెళ్లాన్ని తీసుకుని, అన్నకి మాటమాత్రమైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత అటు నుంచి కబురు లేదు, కాకరకాయ లేదు. మా ఇంట్లో ఆయన ప్రస్తావన వస్తే "అన్నని కాదని పోయినవాడు" అనేవాళ్లు. కరువుకి ఎదురు నిలిచి చేను పండించిన అన్న మాత్రం మాకు దేవుడు.

నాన్న ఆ దేవుడి ఒళ్లోనే పెరిగాడు. అందుకే ఆయన సంగతి మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. అందులో ఒక కథ ఉంది. పాలవాడొచ్చినా, కరెంటు మీటరు చూసేవాడొచ్చినా అది విని తీరాల్సిందే. కాలువలోంచి చేలోకి నీళ్లు తిప్పుకోవడానికి గట్టుకి కొట్టే గండిని మడవ అంటారు. కరువు రోజుల్లో తాత రాత్రిళ్లు ఇంటికి రాకుండా, పార పక్కన పెట్టుకుని ఆ మడవ దగ్గరే పడుకునేవాడట. తెల్లారి ఆయన పెళ్లాం, అంటే నాన్నకి నాయనమ్మ, వెళ్లి లేపి, "నన్నెందుకు చేసుకున్నావయ్యా, ఆ మడవతోనే కాపురం పెట్టకపోయావా" అనేదట. ఇక్కడికొచ్చేసరికి నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతాడు. మేమూ నవ్వేవాళ్లం. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను ఆ కథకి నవ్వుతూనే ఉన్నాను.

పాత రికార్డులున్న గది ఒకప్పటి ధాన్యం గోదాము. కిటికీలు లేవు, ఉన్న ఒక్క ఫ్యానూ దుమ్ముని ఈ మూల నుంచి ఆ మూలకి చేరవేయడానికే పెట్టినట్టుంది. అక్కడి గుమాస్తా రోజంతా తుమ్ముతూ ఉంటాడు. నన్ను చూడగానే, "ఆస్తి తగాదానా అమ్మా?" అన్నాడు.

"కాదు, బంధువుల్ని వెతుక్కుంటున్నాను."

"రెండూ ఒకటేలెండి" అని తుమ్మి, కట్ట ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. గళ్లూ గీతలూ చూస్తే నాకు భయం లేదు, కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్ల చేతిరాత చూస్తే మాత్రం బెత్తం తీసుకోవాలనిపించింది. ఏ చేను ఎవరిది, ఏ ఏడు ఏ పంట వేశారు, నీళ్లు ఎక్కడివి, అన్నీ వరసగా ఉన్నాయి. కరువు మొదటి ఏడు పై చేలో మొక్కజొన్న, కింది చేలో సగం మొక్కజొన్న, సగం బీడు. మరుసటి ఏడు పై చేలో మొక్కజొన్న, కింద అంతా బీడు. ఆ మరుసటి ఏడూ అంతే. కింది చేను గడిలో సన్నగా, "హక్కుదారు ఊరు విడిచినాడు, పట్నం నూలు మిల్లు" అని రాసి ఉంది. ఊళ్లో మిగతా చేలన్నీ బీడే. దాచడమెందుకు, నాకు ఒళ్లు పొంగింది. మా ముత్తాత అంటే మజాకానా అనుకున్నాను.

తర్వాత చావుపుట్టుకల పుస్తకం తిరగేశాను. చిన్నతాతకి పిల్లలుంటే వాళ్ల పేర్లు దొరుకుతాయని నా ఆశ. దొరికాయి. ఇద్దరు. ఆరేళ్ల ఆడపిల్ల, ఇంకా నడక రాని మగపిల్లాడు. ఇద్దరూ ఒకే వేసవిలో పోయారు. కారణం అన్న చోట రెండుసార్లూ "నీరసం" అని ఉంది. ఆకలి అని రాయడానికి ఆ రాసినవాడికి చెయ్యి రాలేదేమో. అదే పేజీలో కాస్త పైన, అన్న ఇంట్లో మగబిడ్డ పుట్టినట్టు ఉంది. ఆ బిడ్డే మా తాత, నాన్నని కన్నవాడు.

పాపం అనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను. కరువులో పిల్లలు పోవడం ఎక్కడైనా ఉన్నదే కదా. కానీ ఒకే కాలువ కింద ఉన్న రెండు చేలలో ఒకటి పండి ఇంకొకటి ఎండడం ఏమిటన్నది నా బుర్రని తొలుస్తూనే ఉంది. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూనే నాన్నని అడిగాను.

"ఆ కాలువ నీళ్లు ఎలా పంచుకునేవాళ్లు నాన్నా?"

నాన్న మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. "దానికో లెక్కుందే. పగలు వంతు పై చేనుది. రాత్రి వంతు కింది చేనుది. పొద్దు గూకిందా, పైవాడు తన మడవ మట్టితో మూసేసి ఇంటికి పోవాల్సిందే. అప్పుడు నీళ్లు కిందికి దిగుతాయి. ఆ లెక్క తప్పితే తలకాయలు పగిలేవి."

"రాత్రి ఎప్పుడూ కిందివాళ్లదేనా? మారదా?"

"మారితే ఇంక వంతేమిటి?" అని, ఊపిరి తీసుకోకుండా, "అసలు మా తాత కరువులో ఆ మడవ దగ్గరే పడుకునేవాడు తెలుసా..." అని కథలోకి దిగిపోయాడు.

రాత్రి వంతు తమ్ముడిదైతే, అన్నకి రాత్రిపూట మడవ దగ్గర ఏం పని? మూసేసి ఇంటికి రావాలి. ఆయన మూయలేదు. తమ్ముడు వచ్చి మూయకుండా, పార దగ్గర పెట్టుకుని కాపలా పడుకున్నాడు. ఆ రెండు ముక్కలూ నాన్న నాలుక మీదే జీవితమంతా పక్కపక్కన ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఒక్కనాడూ పలకలేదు. మేమూ చెవులున్న చెవిటివాళ్లమే. నాన్న కథ చివరికొచ్చి నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన గమనించలేదు.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు వెంటనే.

"నీకే."

"అయితే అక్కడితో ఆపు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఈ వయసులో ఆయన దేవుణ్ణి లాక్కుంటావా?"

నేను ఊరికే ఉండే రకం కాదు. చిన్నప్పటి నుంచీ అన్నయ్య ఎడ్డెమంటే తెడ్డెమన్నదాన్ని. ఈసారి మాత్రం సరేనన్నాను, ఎందుకంటే నాక్కూడా అదే కావాలి. నాన్న కళ్లల్లోకి చూసి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

మరి వెతకడం ఆపొచ్చు కదా అంటారు. ఎలా ఆపను? నాన్న రోజూ పొద్దున్నే, "దొరికారా?" అని అడుగుతున్నాడు. ఆ నూలు మిల్లు మూతపడి చాలా కాలమైంది. పాత కార్మికుల సంఘం గదిలో చిన్నతాత పేరు చెబితే, నలుగురు ముసలాళ్లు చీట్లపేకలోంచి తలెత్తకుండానే, "ఓ, జిప్పులాయన తాతే కదా" అన్నారు. సంచులకీ పెట్టెలకీ పాడైన జిప్పులు బాగుచేసే ఆయన. చిన్నతాతకి మిల్లులో చేరాక పుట్టిన కొడుకు, ఆ కొడుక్కి కొడుకు ఈయన. వరసకి నాన్నకి తమ్ముడు, నాకు బాబాయ్.

ఫోన్‌లో నేనెవరో చెప్పాక వెనకాల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"మీ ఇంట్లో మా వాళ్ల గురించి ఏమైనా చెప్పేవారా బాబాయ్?" అన్నాను, తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించి.

"ఏదో చెప్పేవాళ్లులే. పెద్దాయన చూడాలన్నాడా?"

"రోజూ అడుగుతున్నాడు."

"అయితే వస్తాను అమ్మాయ్."

హమ్మయ్య, ఈయనకి తెలియదు అనుకున్నాను. నాన్నకీ ఈయనకీ తెలియదు, తెలిసింది నాకూ అన్నయ్యకే, మాతోనే పోతుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయన వచ్చే రోజు నాన్న గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేయించుకుని, పొద్దున్నుంచీ వీధిగదిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎండ పేలిపోతోంది. బాబాయ్ బస్సు దిగి నడిచొచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సన్నటి మనిషి, వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. నాన్న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొహమంతా తడిమాడు.

"తాత ముక్కేనే ఇది. అచ్చు గుద్దినట్టుంది చూడు" అన్నాడు నాతో. ఏడుస్తున్నాడు.

"మా నాన్నకీ ఇదే ముక్కు అన్నయ్యా" అన్నాడాయన.

నేను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఆయన గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. గ్లాసు ముట్టలేదు. ఫ్రిజ్‌లోవి పడవేమోనని నేను వంటింట్లోకి వెళ్లి కుండలోవి ఇంకో గ్లాసు తెచ్చాను. అదీ ముట్టలేదు. పెదాలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఈయనకీ తెలుసని అప్పుడు నాకు తట్టింది.

నాన్న అప్పటికే మొదలుపెట్టేశాడు. "మా తాత ఎలాంటివాడనుకున్నావు? కరువులో ఊరంతా చేతులెత్తేస్తే..."

"నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అన్నాను.

"ఉండవే. మాత్ర ఎక్కడికీ పోదు."

"బాబాయ్ ప్రయాణం చేసొచ్చారు, కాస్త పడుకోనీ."

"పడుకోవడమంటే గుర్తొచ్చింది" అని నాన్న నేరుగా మడవ దగ్గరికే వెళ్లిపోయాడు. పార, రాత్రిళ్లు, తెల్లారి నాయనమ్మ, ఆవిడ అన్న మాట. చెప్పి, ఎప్పటిలాగే తొడ మీద చరుచుకుంటూ నవ్వాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. బాబాయ్ తల వంచుకుని జేబురుమాలు నాలుగు మడతలు పెడుతున్నాడు. నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

నవ్వు సగంలో నాన్న చూపు బల్ల మీద పడింది. "అదేమిటి, నీళ్లు తాగలేదు? రెండు గ్లాసులూ అలాగే ఉన్నాయి."

"మా నాయనమ్మకి మాటిచ్చానన్నయ్యా. ఎప్పుడైనా పిలిస్తే వెళ్లు, మర్యాదగా కూర్చో, నీళ్లు మాత్రం ముట్టొద్దు అంది."

"ఎందుకూ?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నువ్వు చెబుతావేమో అని ఒక్క క్షణం ఆగాడంతే. నేను నేల చూశాను.

"రాత్రి వంతు మా తాతది కదన్నయ్యా" అన్నాడు మెల్లగా.

అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. అనక్కర్లేదు కూడా. వంతుల లెక్క ఆ గదిలో నాన్నకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నాన్న నోరు నవ్వుకి తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పెదాలు కదిలాయి. పగలు, రాత్రి, పై చేను, కింది చేను, అన్నీ లోపల మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"పిల్లలున్నారా అప్పటికి?" అన్నాడు.

"ఇద్దరు. నాయనమ్మ పోయేదాకా వాళ్ల గురించే చెప్పేది. పెద్దది కాలువలో తడి మట్టి తీసి తమ్ముడి పెదాలకి రాసేదట."

నాన్న రెండు చేతులూ ఎత్తబోయాడు, దణ్ణం పెట్టడానికో ఏమో. బాబాయ్ ఆ చేతుల్ని మధ్యలోనే పట్టుకుని కిందికి దించాడు.

"నేను దానికి రాలేదన్నయ్యా. ఈ మాట ఒక్కసారైనా ఈ ఇంట్లో అనాలని నాయనమ్మ కోరిక. అన్నాను. నువ్వేం చేశావు పాపం."

"తాగమని అడిగే మొహం లేదురా నాకు" అన్నాడు నాన్న.

కాసేపు ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత బాబాయ్ లేచి, నాకు కూడా వెళ్లొస్తానని చెప్పి, చెప్పులేసుకున్నాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎండలో వీధి చివరిదాకా నడిచి, అక్కడున్న కుళాయి తిప్పి, వంగి దోసిలి పట్టాడు. ఎంతసేపు తాగాడో. తాగి మొహం కడుక్కుని మలుపు తిరిగిపోయాడు.

నేను వెనక్కి తిరిగేసరికి నాన్న నన్నే చూస్తున్నాడు.

"అందుకేనా ఆరోజు వంతుల గురించి అడిగావు?"

తలూపాను.

"అప్పటి నుంచీ నీకు తెలుసు."

"నువ్వు బాధపడతావని నాన్నా..."

"తెలిసి కూడా, వాడి ఎదురుగా నన్ను నవ్వనిచ్చావా?"

మాత్ర వేళైంది. మాత్రతో పాటు బల్ల మీది గ్లాసొకటి ఆయనకి అందించాను. నాన్న మాత్ర తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నీళ్లు వద్దని తల తిప్పుకుని, దాన్ని పొడిగానే మింగడానికి చాలాసేపు కష్టపడ్డాడు.