గేటు ముందు నలభై హైడ్రాంజియాలు

నల్గొండ ఎండలకు హైడ్రాంజియా పూలమొక్క బతకదని మా నర్సరీ సేటు దశరథ్ తేల్చేశాడు. ఊటీ నుంచి తెప్పించినవి నెలలోపే మాడిపోతే, మిగిలిన నాలుగు పుల్లల్ని చెత్తలో వేయమన్నాడు. నేను వేయలేదు. పొద్దున రెండు గంటలు తప్ప ఎండ తగలని చోట, వేపచెట్టు కింద పెట్టాను. మర్రిగూడలో పుట్టినదాన్ని, ఆకుల్ని పసుపెక్కించే ఉప్పు బోరు నీళ్ల పాడుబుద్ధి నాకొకరు చెప్పనక్కర్లేదు. వానాకాలం రేకుల మీది నుంచి పట్టిన నీళ్లు డ్రమ్ముల్లో దాచి, వేసవంతా అవే పోశాను. కొమ్మలు నాటుకుంటూ పోతే మూడేళ్లకు నలభై కుండీలయ్యాయి. పువ్వు ఒక్కోటి నా దోసిలి నిండా పూసింది.

పేపరువాళ్లు ఫొటోకు వస్తే సేటు కుండీ ఎత్తుకుని నిలబడ్డాడు. "అంత నా హస్తవాసి," అన్నాడు. వాళ్లు వెళ్లాక అడిగాను.

"నా పేరొక్కటి చెప్తే ఏం పోయేది సేటు?"

"నీళ్లు పోసేటోళ్లు మస్తుమంది దొరుకుతరు. రేపటి నుంచి రాకు."

ఒళ్లు మండిపోయింది. డ్రమ్ముల సంగతి ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికొచ్చాను.

పదిహేను రోజులకు, నడి మే నెలలో, సేటు మా వాకిట్లో స్కూటర్ దిగాడు. ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయట. వచ్చే ఆదివారం ఒక డాక్టరు అన్నీ కొనడానికి వస్తున్నాడట.

"జర చెప్పు నాగరాణీ, ఏం జెయ్యాలె?"

ఆ బతిమాలుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

"గివి ఊటీయి గావు, ఈడనే పెరిగి ఎండకు అలవాటైనయి. ఎండ సాల్తలేదు సేటు. గేటు ముందట పెట్టుర్రి, పొద్దుగూకేదాక తగలాలె. బోరు నీళ్లు మస్తుగ పొయ్యుర్రి."

తలూపి వెళ్లాడు.

ఆదివారం బస్సెక్కి పోయాను. నవ్వుకుందామనే పోయాను, దాచేదేముంది. గేటు ముందు నలభై కుండీల్లోనూ ఆకులు అప్పడాల్లా మాడి ఉన్నాయి. సేటు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. బాగా అయింది అనుకున్నాను.

నన్ను చూసి లేచాడు. ముఖంలో కోపం లేదు.

"నువ్వు చెప్పినట్టే చేసిన, అయినా దక్కలే. నిన్ను ఎల్లగొట్టుడే నా తప్పు. డాక్టరుకు ముందుగాల్నే ఫోన్ల చెప్పిన, గివన్నీ మా నాగరాణి పెంచిందని. వచ్చి ఈ మాడినయి సూసి, ఆమెకు అసలు పనొస్తదా అని అడిగి, కొనకుండనే పోయిండు."

నేను కుండీల ముందు గొంతుక్కూర్చుని ఒక్కో పుల్లనూ గోటితో గీకి చూశాను. ఏ ఒక్కదానిలోనూ పచ్చి లేదు.