మబ్రూకా మెడ మీద పుప్పొడి

పసుపు.

ఆమె మెడ వెనక, మేలిముసుగు అంచు కింద, వేలి వెడల్పున పసుపుపచ్చ పొడి. దానికో వాసన. పచ్చిపిండి వాసనలా... కాదు. అది దేని వాసనలా ఉంటుందో ఖర్జూరపు తోటల ఊరు తోజర్‌లో మగవాళ్ళందరికీ తెలుసు. చెప్పుకుని నవ్వుకుంటారు. ఆడవాళ్ళు విననట్టే ఉంటారు.

మగ ఖర్జూరపు పుప్పొడి.

తీజానీకి నవ్వు రాలేదు.

అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. నిరుడు ఇదే రోజుల్లో చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపాము నలిగింది. అప్పట్నుంచి నడుము కింద ఒళ్ళు తనది కాదు. ఎముక అతుక్కున్నాక, ఇంటికి చాలా దూరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఈ కేంద్రానికి తెచ్చి పడేశారు.

భార్య మబ్రూకా రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. ఉల్లిపాయ కూరిన రొట్టె విప్పి పెట్టింది.

"తిను. చల్లారిపోయింది, అయినా తిను."

అతను తినలేదు. పసుపునే చూస్తున్నాడు.

ఆడచెట్టు దగ్గరికి మగపువ్వు తనంతట తాను రాదు. గాలిని నమ్ముకుంటే గెలంతా తాలు. మనిషి ఎక్కాలి. మగరెమ్మలు రొమ్ములో దోపుకుని, వట్టికాళ్ళతో, నరికిన మట్టల మొదళ్ళ మీద అడుగేస్తూ ఎక్కాలి. ఆడగెల విప్పి, మధ్యలో రెమ్మ పెట్టి, నారతో కట్టాలి. దిగేసరికి మెడా రొమ్మూ పసుపు.

ఎక్కేది మగవాళ్ళే. ఆడది కింద నిలబడి రెమ్మలందిస్తుంది. పసుపు చేతులకి అంటుతుంది.

మెడకి అంటదు.

మెడకి అంటాలంటే – ఎక్కినవాడు దగ్గరికి రావాలి.

లజ్‌హర్... తీజానీ పెదనాన్న కొడుకు. ఈ ఏడు మన చెట్లు వాడే ఎక్కుతున్నాడని చెప్పింది మబ్రూకానే.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి కాళ్ళు అక్కర్లేదు. కుర్చీలో కూర్చునే ఊరంతా తిరిగొస్తుంది.

అసలిక్కడ అతను నమ్మిందేముంది? డాక్టరమ్మ ఇబ్తిహేల్ చిన్న వయసుది. పరిశోధన అంటుంది. వీపుకి పట్టీలంటించి సన్నగా కరెంటు పంపిస్తుంది. బొటనవేలు ముడవమంటుంది. మొన్న వేలు కదిలింది. నర్సులు పెళ్ళిలోలా నాలుకలాడించి కూతలు పెట్టారు.

"కదిపింది నేనా, నీ పెట్టెనా?" అన్నాడు తీజానీ.

"పెట్టె తలుపు తడుతుందంతే బాబాయ్. తీసేది మీరే."

"అలా అని వేలు నీతో చెప్పిందా?"

పక్కమంచం హమ్మూదా, లారీ డ్రైవరు, పడీ పడీ నవ్వాడు. "వీడికి సొంత కాలి మీదే అనుమానం. ఇక పెళ్ళాం సంగతి అడక్కండి!"

నవ్వులాటకే అన్నాడు. అది లోపల ముల్లులా ఉండిపోయింది.

మబ్రూకా చెయ్యి మోకాలి మీద వేస్తే కళ్ళతో చూడాలి, లేకపోతే తెలియదు. పుండు పడకుండా నర్సు వచ్చి పక్కకి తిప్పాలి. మూత్రపు గొట్టం మార్చాలి. ఈ ఒంట్లో మొగుడనేవాడు ఇంకా ఉన్నాడా...? డాక్టరమ్మని అడగడానికి అతనికి నోరు రాలేదు. ఆ జవాబు భార్య మెడ మీద వెతుక్కుంటున్నాడు.

"లజ్‌హర్ బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు."

"బాగా ఎక్కుతున్నాడా?"

రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది. "ఎక్కుతున్నాడు."

అబద్ధం. అబద్ధమని తెలుసు. ఏ అబద్ధమో తెలియదు.

మధ్యాహ్నపు నమాజు వేళయింది. ఆమె మేజోళ్ళు తీసి, మూల కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోబోయింది. అరికాలు పైకి తిరిగింది.

పాదం నడిమి పల్లంలో – అడ్డంగా పగుళ్ళు. కొన్ని మానాయి. ఒకటి ఇంకా ఎర్రగా ఉంది. నేల మీద నడిచేవాళ్ళకి అక్కడ గీత పడదు. మట్ట మొదలు కోసే చోటది. తన పాదాల్లోనూ అక్కడే ఉన్నాయి ఆ గీతలు.

ఎవడూ దగ్గరికి రాలేదు.

ఎక్కింది ఆమే.

గుండె తేలికపడింది. సిగ్గులేని గుండె! ఆ వెంటనే భయం పట్టుకుంది.

"నువ్వెక్కుతున్నావు."

ఆమె కాళ్ళు కడుక్కుంటూనే ఉంది. "లజ్‌హర్ పని వెతుక్కుంటూ ఎప్పుడో పోయాడు. గెలలు నీ కోసం ఆగుతాయా?"

"ఊళ్ళో తెలుసా?"

"చూసినోళ్ళకి తెలుసు. చూడనట్టు తలతిప్పుకున్నోళ్ళకి ఇంకా బాగా తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఎక్కనిస్తావా? ఈ కుర్చీలోంచే నన్ను కిందికి లాగేస్తావు."

కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక రొట్టె తిన్నాడు.

"ఇంకెన్ని మిగిలాయి?"

"ఒక్కటే. బావి వెనకది."

అతను పడింది దాని మీంచే.

వద్దనాలి. వద్దంటే ఆగే మనిషి కాదు. దారి చెబితే – ఎక్కమన్నట్టే. చెప్పకపోతే... ఆ చెట్టు గుట్టు ఇంకెవరికీ తెలియదు.

"పడమటి వైపు పోకు" అన్నాడు, గోడకేసి చూస్తూ. "అటు మట్టలు చూడ్డానికి గట్టిగా ఉంటాయి. లోపల పుచ్చు. తూర్పు నుంచి ఎక్కు. బరువు వేసేముందు మడమతో తట్టు. డొల్లమోత వస్తే..."

"వస్తే?"

"దిగిపో. కాయ పోతే పోయింది."

ఆమె మేజోళ్ళు తొడుక్కుంది. చెట్టు దిగగానే ఫోన్ చేస్తానంది. ఆ సాయంత్రం బస్సులోనే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. గాలి. ఇక్కడింత గాలి ఉంటే... అక్కడెంతో?

ఫోను ఒళ్ళో పెట్టుకుంటే అదిరినా తెలియదని గుప్పిట్లో పట్టుకున్నాడు. డాక్టరమ్మ కాసేపు కరెంటు పెట్టింది. ఏమీ కదల్లేదు. అతని ధ్యాస ఇక్కడ లేదు.

అతను బావి వెనక చెట్టు ఎక్కుతున్నాడు. తూర్పు వైపు. మడమతో తట్టి... విని... అడుగు. మళ్ళీ తట్టి... విని...

"బాబాయ్!" డాక్టరమ్మ అరిచినంత పని చేసింది. "చూడండి, ఐదు వేళ్ళూ! పెట్టె ఆపేశాను, ఇందాకే ఆపేశాను!"

"నరాల ఈడుపేమోలే" అన్నాడు హమ్మూదా. ఈసారి అతను నవ్వలేదు.

పాదం దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది. తీజానీ తల తిప్పలేదు. పెట్టె నిజంగా ఆపావా అని అడగలేదు.

గుప్పిట్లో ఫోను ఇంకా మోగలేదు.