తెర మీద పసుపు కుంకుమ

మూడు రోజులుగా రూపేష్ కళ్లలో ఊక దుమ్ము. కడిగితే పోదు, నలిపితే మండుతుంది. సిరోంచ ఊరి చివర గుండయ్య సేటు ఉప్పుడు బియ్యం మిల్లులో, పిడుగుపాటుకు కాలిపోయిన పాత కరెంటు పెట్టె ముందు కూర్చుని కూర్చుని అతని నడుము బిగుసుకుపోయింది. చుట్టుపక్కల మిల్లులన్నిటికీ మోటారు పనులు చేసేది తనే. కాబట్టి వద్దనడానికి లేదు.

దానికి తోడు ఇంకో దిగులు. రేపు తొమ్మిదిన్నర ఎస్టీ బస్సుకు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సుకు, వసుధ పుట్టింటికి, ఆష్టికి వెళ్లిపోతుంది. ఆషాఢం వస్తోంది, కొత్తకోడలు అత్తవారింట్లో ఉండకూడదట. పెళ్లై ఏడు వారాలే. ఇక మిగిలింది ఈ ఒక్క సాయంత్రం. ప్రాణహిత గట్టు మీద కూర్చుని వేడివేడి మిర్చి బజ్జీలు తిందామని ఇద్దరూ వారం నుంచి అనుకుంటున్నారు.

బల్ల మీద మంచిర్యాల డీలరు బస్సులో పంపిన రెండు వస్తువులున్నాయి. కాలిన పెట్టె బదులు ఒకటి బిగించి రెండోది తిప్పి పంపాలి. మొదటిది తెర. చూడ్డానికి పెద్ద ఫోనులా ఉంటుంది, వేలు పెడితే మోటారు తిరుగుతుంది. ఆలోచించే భాగమూ దాని లోపలే. మిల్లుకు కావలసిన ఆదేశాలు ముందే ఎక్కించి పంపారు. తీగలు కలిపితే మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు. రెండోది కంట్రోలరు. ఇటుకంత బూడిదరంగు డబ్బా, దానికి ముఖమే లేదు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు తిరగకూడదో రూపేషే కూర్చుని రాయాలి. బటన్లన్నీ విడిగా బిగించాలి. రేపు తెల్లారేదాకా పని.

గుండయ్య మనసు తెర మీదే ఉంది. వచ్చిన వాళ్లందరికీ చూపించుకోవచ్చు. నిజానికి రూపేష్ మనసూ అటే మొగ్గింది, ఒళ్లు అలసిపోయి ఉంది కాబట్టి. మంచిగుంది సేట్ అనేసి, పొద్దున్నే దాన్ని వడ్లు పైకెత్తే ఎలివేటరుకు కలిపాడు.

కొత్త యంత్రానికి పూజ కాకుండా పని మొదలుపెట్టరు కదా. గుండయ్య భార్య చంద్రావతమ్మ పళ్లెంతో వచ్చింది. రూపేష్ మెయిన్ స్విచ్చి ఆపబోతే ఆమె వారించింది.

“చీకటి తెరకు పూజ ఏంది బిడ్డా? వెలగనియ్యి.”

అతనికి వాదించే ఓపిక లేదు. సరేనని బస్తాలకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె నాలుగు మూలలా పసుపు రాసింది. తర్వాత తెర నడిమధ్యన, ఉంగరపు వేలితో గట్టిగా అదిమి కుంకుమబొట్టు పెట్టింది. బొట్టు కింద ఉన్నది ఎలివేటరును నడిపే ఆకుపచ్చ గడి.

గడగడమని ఎలివేటరు కదిలింది. రూపేష్ ఉలిక్కిపడి లేచి మెయిన్ లాగేశాడు. అవతల, ఎలివేటరు గుంట దగ్గర వాహిద్ చాచా నిలబడి తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్లుగా వడ్లు నానబెట్టేది, ఉడకబెట్టేది ఆయనే. రోజూ పొద్దున ఆ గుంటలో ఇరుక్కున్న తడి వడ్లను చేత్తో తోడేస్తాడు. చెమట తుడుచుకోవడానికి సరిగ్గా అప్పుడే చెయ్యి బయటికి తీస్తున్నాడు. చెయ్యి మిగిలింది. చొక్కా చెయ్యి మాత్రం ఎలివేటరుకు చిక్కి మోచేతిదాకా చిరిగిపోయింది.

గుండయ్య అదేమీ చూడలేదు. బొట్టు తగలగానే నడిచింది, లక్ష్మి వచ్చినట్టేనని మురిసిపోయాడు.

“చంద్రావతమ్మ ఎర్రబొట్టు జరైతే నా చేతికి గూడ పడేది సేట్,” అన్నాడు వాహిద్.

అందరూ నవ్వారు. రూపేష్‌కు నవ్వు రాలేదు. అతని వేళ్లు ఇంకా మెయిన్ పిడి మీదే ఉన్నాయి. ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చు, సాయంత్రం గట్టు మీద. ఆ మాట మనసులో రెండుసార్లు తిప్పుకున్నాడు.

“సేట్, తెర వద్దు. డబ్బానే పెడుదాం.”

“పొద్దుగాల నువ్వే మంచిగుందంటివి గద?”

“అంటి సేట్. తప్పు చెప్పిన. మెయిన్ బంద్ చెయ్యనిది గూడ నేనే.”

అంత అలసటలోనూ విడమరిచి చెప్పాడు. ఈ తెరకు బయటి నుంచి ఇంకేమీ కలపడానికి చోటు లేదు. డబ్బా పెడితే గుంట పక్కన ఒక తాళం బిగిస్తాడు. చెయ్యి పెట్టేముందు వాహిద్ చాచా తాళంచెవి తీసి జేబులో వేసుకుంటాడు. అది మళ్లీ పెట్టేదాకా ఎవరు ఏ బటన్ నొక్కినా ఎలివేటరు కదలదు.

గుండయ్య అప్పుడు చూశాడు ఆ చిరిగిన చొక్కాను.

“రేపు ఏడింటికి నానిన వడ్లు ఎత్తకపోతే వాసనొస్తయి. నీతోని అయితదా?”

“అయితది,” అన్నాడు రూపేష్. ఆ ఒక్క మాటతో సాయంత్రం పోయింది.

ఫోనులో వసుధ అంతా విని, వాహిద్ చాచా చేతికేం కాలేదు కదా అని రెండుసార్లు అడిగింది. బజ్జీల సంగతి ఎత్తలేదు. నాలుగింటికి టిఫిను డబ్బాతో మిల్లుకే వచ్చేసింది. బస్తా మీద కూర్చుని, కాగితంలో చూసి తీగల నంబర్లు చదివింది. అతను ఆవులిస్తూ ఒక్కొక్కటే బిగించాడు. మధ్యలో రెండు ముద్దలు అతని నోట్లో పెట్టింది. తిప్పి పంపాల్సిన తెర మీది కుంకుమను కొంగుతో మెల్లగా తుడిచింది.

అతను కంట్రోలరులో ముందు తాళం సంగతే రాశాడు. చీకటి పడే వేళకు పరీక్ష. గుంట దగ్గర ఎవరూ లేరని చూసుకుని, తాళంచెవి వాహిద్ చేతికిచ్చి, ఆకుపచ్చ బటన్ నొక్కమన్నాడు వసుధను. నొక్కింది. ఏమీ కాలేదు. రెండు బొటనవేళ్లతోనూ నొక్కింది. అయినా ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఇంత బాగుంటుందని తెలియనట్టు కిలకిలా నవ్వింది.

“బటన్ అరగదీస్తవా ఏంది బేటీ?” అన్నాడు వాహిద్, తాళంచెవిని మెళ్లోని తావీజు దారానికి కట్టుకుంటూ.

ఆమెను ఇంటికి పంపి, మిగతాది తెల్లవారేదాకా ఒక్కడే రాశాడు. ఏడింటికి వడ్లు ఎత్తారు. చంద్రావతమ్మ పసుపుగిన్నెతో మళ్లీ వచ్చి, బొట్టు ఎక్కడ పెట్టాలని అతన్ని అడిగింది. పెట్టె తలుపు మీద ఎక్కడైనా పెట్టమన్నాడు.

బస్టాండులో వసుధ పక్కన బెంచీ మీద కూర్చోవడం వరకే అతనికి గుర్తుంది. కళ్లు తెరిచేసరికి ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. తల ఆమె భుజం మీద ఉంది. బస్సు లేదు. ఆమె ఒళ్లో కాగితం పొట్లం, అందులో రెండు బజ్జీలు మిగిలాయి.

“బస్సు?”

“పోయింది. పన్నెండింటికి ఇంకోటున్నది.”

“నన్ను లేపద్దా?”

“కండక్టర్ బెల్లు కొట్టిండు, డ్రైవర్ హారన్ కొట్టిండు,” అంది వసుధ, ఒక బజ్జీ అతని నోటికి అందిస్తూ. “నువ్వు లేస్తే గద. నీ తాళంచెవి నా కొంగుల ఉండె.”