లాకు ఇంకా ముప్పై మీటర్లు

మా సరుకు పడవ పొడవు ఎనభై మీటర్లు. చుక్కాని దగ్గర నిలబడ్డ నాకు ముందు కొస కింద ఏముందో కనబడి చావదు. అందుకే అక్కడ పొడుగన్న నిలబడి, కాలువ లాకు గేటు ఇంకెంత దూరముందో వాకీటాకీలో మీటర్లు చెబుతూ ఉంటాడు. ఆయన చెబుతున్నంతసేపూ నేను నడుపుతాను. గొంతు ఆగిందా, ఎందుకని అడక్కుండా ఇంజను వెనక్కి తిప్పేస్తాను. ఎనిమిదేళ్లుగా ఇదే మా పద్ధతి.

పొడుగన్న భాష నాకు రాదు, నాది ఆయనకు రాదు. ఆయన భాషలో అంకెలు మాత్రం నేర్చుకున్నాను. మిగతా కబుర్లకు ఇంజను చూసే మా బావమరిది ఉన్నాడు. వాడు రెండు భాషల్లోనూ అబద్ధాలాడగలడు.

ఇంతలో కొత్త నియమం ఒకటి ఊడిపడింది. పడవ మీద అందరూ ఆఫీసు భాషలోనే పలకాలట, పరీక్ష తప్పినవాడు దిగిపోవాలట. నాకది వచ్చు గానీ, యాభై రెండేళ్ల పొడుగన్నకు ఇప్పుడు ఓనమాలు! నాకు ఒళ్లు మండింది. అయినా నెల రోజులు ఆయన్ని కూర్చోబెట్టి ఆ భాష అంకెలు వల్లె వేయించాను. ముప్పై దగ్గర రోజూ తడబడేవాడు.

పరీక్షనాడు ఇన్‌స్పెక్టరు నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. లాకు దగ్గరపడింది.

"యాభై," అన్నాడు పొడుగన్న. "నలభై ఐదు. నలభై. ముప్పై ఐదు."

ఆ తర్వాత ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. వాకీటాకీ నోటికి ఆనించి, "ముప్పై! ముప్పై అను, పొడుగన్నా!" అని అందించాను. రెండోసారీ అందించాను. అప్పటికిగానీ నా చెయ్యి ఇంజను వెనక్కి తిప్పే లివరు మీదికి పోలేదు.

పడవంతా దడదడలాడి ఆగింది. చుక్కాని బావమరిదికి అప్పజెప్పి పరుగెత్తాను. గేటుకు రంగు వేసే ఒకావిడ తెప్ప, గోడ చాటు నుంచి మా దారిలోకి కొట్టుకొచ్చింది. పొడుగన్న వాకీటాకీ వదిలేసి, కిందికి వంగి, పొడవాటి కర్రతో దాన్ని పక్కకు నెట్టి పట్టుకున్నాడు. పడవకూ తెప్పకూ మధ్య జానెడు సందు. ఆవిడ రంగు డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

నా వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు అంతా చూశాడు. ఇంకేమీ అడక్కుండా పాసని రాసిచ్చాడు.

పడవ గోడకు కట్టాక ఆ కాగితం పొడుగన్న చేతిలో పెట్టాను. ఆయన అటు చూడకుండానే ఏదో అడిగాడు.

"తన గొంతు ఆగాక కూడా ఎందుకు నడిపావంటున్నాడు," అన్నాడు బావమరిది.

"అంకె మర్చిపోయాడనుకున్నాను. ఉద్యోగం పోతుందని భయమేసింది. అదే చెప్పు," అన్నాను.

వాడు చెప్పాడు. పొడుగన్న నా మొహంలోకి చూస్తూ మెల్లగా రెండు ముక్కలన్నాడు. బావమరిది నీళ్లు నమిలాడు.

"చెప్పి ఏడవరా!" అని కసిరాను.

"మర్చిపోతే మాత్రం ఆపొద్దా అంటున్నాడు, బావా."