హైమవతి టీచరు కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. తీపి కబుర్లు కావాలంటే వెళ్లి ఏ ఉయ్యాలబల్లనో అడగండి. నాకు మనుషులంటే పడదు. బతికున్నన్నాళ్లూ ముఖం చాటేసి, పోయాక హాలు మాట్లాడుకుని పొగిడే మనుషులంటే అసలే పడదు. ఎందుకో చెబుతాను, ఓపికుంటే వినండి.

బొబ్బిలిలో ఒక కమ్మరి విరిగిన లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నా ఒంటిని చేశాడు. తుమ్మచెక్క పీటకి బిగించాడు. కొబ్బరి కోరడానికి కొసన పళ్లు తీర్చాడు. కొన్నావిడ చేతికి ఇస్తూ ఒక్క మాట అన్నాడు. "పనైపోగానే పక్కకి వాల్చీయాలమ్మా. నిలబెట్టి ఒగ్గీకండి. ఇది మనిసని సూడదు." ఆవిడ ఆ మాటతో సహా నన్ను కూతురు హైమవతికి ఇచ్చింది. హైమవతి లెక్కల టీచరు. మొగుడి వెంట ఇంగ్లండు వెళుతూ నన్ను బొంతలో చుట్టి పట్టుకెళ్లింది.

మిల్లులు మూతపడ్డ ఊరది. అక్కడి బడిలో ఆవిడకి ఉద్యోగం దొరికింది గానీ మర్యాద దొరకలేదు. పిల్లలు ఆవిడ యాసని వెక్కిరించేవారు. ఆవిడ టిఫిను డబ్బా తెరిస్తే తోటి టీచర్లు కిటికీలు తెరిచేవారు. బడిలో ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. ఇంటికొచ్చి, కుచ్చిళ్లు ఎగదోపి, నా పీట మీద కూర్చున్నాక మొదలయ్యేది. "నాకు లెక్కలు రావంతాడా? ఆడికీ ఆడి తాతకీ కలిపి నేర్పుతాను!" అంటూ హెడ్మాస్టరుని బీరకాయతో పాటు చక్రాలుగా తరిగేసేది. ఆ ఊళ్లో ఆవిడ తిట్లు విన్నది నేనొక్కదాన్నే. ఆ కోపం నాకు నచ్చేది. మిగిలినవాళ్లు ఆవిడని శాంతమూర్తి అనుకున్నారు.

ఎంత కోపంలో ఉన్నా లేచేముందు నన్ను పక్కకి వాల్చేది. కొడుకు ప్రభాకరం చిన్నప్పుడు ఒకసారి నన్ను నిలబెట్టి వదిలేస్తే వాడి వీపు విమానం మోత మోగించింది.

పోనుపోను బడిలో ఆవిడ పాతుకుపోయింది. వెక్కిరించిన పిల్లలే పెద్దయి తమ పిల్లల్ని తెచ్చి ఆవిడ క్లాసులో కూర్చోబెట్టారు. తర్వాత రిటైరయింది, మొగుడు పోయాడు, ప్రభాకరానికీ షర్మిలకీ వకుళ పుట్టింది. ఆ పేరు పెట్టింది ఆవిడే. తల్లీ తండ్రీ ఉద్యోగాలకి పోతే పిల్లని పెంచిందీ ఆవిడే. ఆవిడ కూర తరుగుతుంటే వకుళ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఎక్కాలు అప్పజెప్పేది. ఆ ఇంట్లో నేను భరించగలిగిన చప్పుడు అదొక్కటే. ఆ పిల్ల లేకపోతే ఆవిడకి పూట గడిచేది కాదు.

వకుళ బడిలో చేరిన ఏడు ప్రభాకరం ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చారు. ఏడాది పొడుగునా నా వంక చూడనివాడు, తెల్లవాళ్ల ముందు గొప్ప కోసం నన్ను హాల్లోకి తెచ్చి, బాసింపట్టు వేసుకుని కొబ్బరి కోరాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. వాడు లేచి వెళ్లాడు, నన్ను నిలబెట్టే వెళ్లాడు. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన వకుళ కార్పెట్టు తట్టుకుని నా మీద పడింది. మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. కోసింది నేనే. అందుకు నేను సిగ్గుపడను, కోయడానికే నన్ను చేశారు. నిలబెట్టినవాడు సిగ్గుపడాలి.

కట్టు చూసి బడిలో టీచరమ్మ అడిగింది. మా ఇంట్లో నేల మీద పెద్ద కత్తి ఉంటుందని పిల్ల చెప్పింది. అంతే, పిల్లల బాగోగులు చూసే ఆఫీసర్లు ఇంటికొచ్చారు. కబురు పంపిన ఆ టీచరమ్మ హైమవతి దగ్గర చదువుకున్న పిల్లే. "మంచి పని చేసింది. దాని చోట నేనున్నా అదే చేద్దును" అంది హైమవతి.

ఇలాంటి విచారణ ఎలా నడుస్తుందో బడిలో అన్నేళ్లు పనిచేసిన ఆవిడకి బాగా తెలుసు. తప్పు కన్నవాళ్లదని తేలితే పిల్లని ఆ ఇంట్లో ఉంచాలా వద్దా అని మొదలెడతారు. తప్పు ముసలిదానిదైతే ముసలిదాన్ని పంపేస్తే సరిపోతుంది. ప్రభాకరం నోరు తెరవబోయాడు. "నువ్వుండరా" అని ఆవిడే ముందు చెప్పేసింది. "కత్తిపీట వదిలేసింది నేనే. మతిమరుపు ఎక్కువైంది."

జన్మలో ఆవిడ ఆడిన పెద్ద అబద్ధం అది. పక్కనే ఉన్న కొడుకు నోరు మెదపలేదు. నిజం తెలిసిన షర్మిల కూడా "అత్తయ్యగారికి వేరే గది చూద్దామండీ, ఆఫీసర్లు మళ్లీ వస్తే బాగోదు" అంది, ఎక్కడో చూస్తూ.

ఊరి అవతల ఒంటిగది ఇల్లు చూశారు. నన్నూ ఆవిడతో పాటే సాగనంపారు. ఆఫీసర్లు కాగితాలు మూసేశారు, మళ్లీ ఎవరూ రాలేదు. అయినా ఆవిడని ఎవరూ వెనక్కి పిలవలేదు. వకుళకి ఏం చెప్పి పెంచారో గాని, పండక్కి తీసుకొచ్చినా ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఫోను చూసుకునేది. పొడుగు చేతుల చొక్కాతోనే వచ్చేది. "రా అమ్మలూ, ఇలా కూకో" అంటే "పర్లేదు, వెళ్లాలి" అనేది. వాళ్లు వెళ్లాక హైమవతి ఒక్కర్తికి చాలా ఎక్కువైనన్ని చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చునేది. తిట్లు మాత్రం మానేసింది. అది నాకు నచ్చలేదు.

ఆ గదిలోనే పోయింది. ఆవిడ చదువు చెప్పిన బడి హాల్లోనే సంస్మరణ సభ పెట్టారు. ఆ పొద్దున తండ్రీ కూతురూ గది ఖాళీ చేయడానికి వచ్చారు. ప్రభాకరం సభలో మాట్లాడాల్సింది గొణుక్కుంటూ అట్టపెట్టెలు కడుతున్నాడు. వకుళ సింకు కింద నన్ను చూసింది.

"పక్కకి పడుకోబెట్టి పెట్టింది. నా చెయ్యి కోసుకుపోయాక బుద్ధొచ్చిందన్నమాట" అంది.

తల్లిని మాటంటే ఉండబట్టలేకపోయాడు ప్రభాకరం. "ఏం మాటలవి! మా అమ్మ దాన్ని ఏనాడూ నిలబెట్టి వదల్లేదు. నేను వదిలినందుకే చిన్నప్పుడు నన్ను చితక్కొట్టింది" అని ఆగిపోయాడు.

"మరి ఆ రోజు?"

వాడు ఇంకో అట్టపెట్టెకి టేపు అంటించబోయాడు.

"ఆ రోజు ఎవరు నాన్నా?"

"నేనే. నిన్ను తీసుకుపోతారని అమ్మే అలా చెప్పింది. నన్ను మాట్లాడనివ్వలేదు."

"ఆఫీసర్లకి చెప్పొద్దంది, సరే. నాకు చెప్పొద్దని కూడా నాన్నమ్మే అందా?"

వకుళ బయటికి నడిచింది. కారెక్కమంటే ఎక్కలేదు.

నన్ను కంటి ముందు ఉంచుకోలేక ప్రభాకరం కారు వెనక పడేసుకుని పాతసామాన్ల యార్డుకి తెచ్చాడు. విరిగిన సైకిళ్ల మీదకి విసిరాడు. కారు డోరు తీసుకుంటుండగా ఫోను మోగింది. స్పీకర్లో వకుళ గొంతు నాకూ వినిపించింది.

"నాన్నా, సభకి నువ్వు రాకు. వస్తే అక్కడ అందరి ముందూ ఇదే మాట అడుగుతాను."

"నేను కొడుకునమ్మా. నేను లేకపోతే ఎలా?"

"ఆవిడ లేకుండా మనకి జరగలేదా?"

ఫోను పెట్టేసింది. సభ వేళ వచ్చింది, దాటింది. నల్ల సూటు వేసుకున్న ప్రభాకరం స్టీరింగు మీద తల పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. యార్డు మనిషి వచ్చి గేటు మూయాలి, కారు తియ్యమన్నాడు. అప్పుడు తలెత్తాడు. ఏడ్చాడు, నేను చూశాను. నాకు జాలి వేయలేదు.