బుల్లెమ్మ పులుసుకి తాళం పడింది

ధవళేశ్వరం రేవులో పులస పులుసంటే బుల్లెమ్మే పెట్టాలి. చేప ఆవిడ దగ్గరే కొని, ఆవిడ చేతే వండించుకుని, రాత్రంతా మట్టి దాకలో ఊరనిచ్చి మర్నాడు పట్టుకెళ్తారు. పొయ్యి మీంచి దించిన పూటే పులస తినేవాడికి నోరున్నా లేనట్టేనని మా వైపు లెక్క.

రాజమండ్రి కోచింగ్ సెంటర్ లోకనాథ్ కూడా అలాగే ఆర్డరిచ్చి వెళ్ళాడు. కూతురి సంబంధం ఖాయం చేసుకోడానికి నిడదవోలు నుంచి వియ్యాలవారు వస్తున్నారు. పెళ్ళికొడుకు తండ్రికి పులసంటే ప్రాణమట.

ఆయన మొహం చూడగానే బుల్లెమ్మ పోల్చేసుకుంది. కూతురు వెంకటదుర్గ ఫోన్లో రోజూ కనపడే మొహమే. టెట్ పాఠాల కోసం ఆయన యాప్‌లో దుర్గ లైఫ్‌టైం ప్యాక్ కొంది. పరీక్ష దగ్గరికొచ్చేసరికి యాప్ అప్‌డేటయ్యి, పాత ప్యాకులన్నిటి మీదా తాళం బొమ్మ పడింది. మళ్ళీ కొనుక్కోవాలట. రేవులో ఇంకో నలుగురు ఆడపిల్లలదీ అదే గతి. దుర్గ ఆఫీసుకెళ్తే, "నా చేతిలో ఏం లేదమ్మా, అంతా సర్వరే" అని లోకనాథ్ పంపేశాడు. దుర్గ ఆ రోజునుంచీ సరిగ్గా అన్నం తినలేదు.

ఆర్డరిచ్చిన మర్నాడు లోకనాథ్ కారు దిగేసరికి అరుగు మీద ఐదుగురు ఆడపిల్లలూ అరిటాకులు పరుచుకుని కూర్చునున్నారు.

"దాక ఇచ్చెయ్ బుల్లెమ్మా, వాళ్ళు బయల్దేరిపోయారు."

"పులుసు అప్‌డేటయ్యిందండి. పాత ఆర్డర్లు చెల్లవు."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మూత తీసి ఒక ముక్క దుర్గ ఆకులో వేసింది.

"ఏంటిది? డబ్బులిచ్చాను కదా!"

"మా పిల్లా ఇచ్చిందండి. మీవి మీరు తీసేసుకోండి. మా కొంపలో రీఫండుందండీ, ఆయ్."

అప్పుడు చూశాడు దుర్గ వైపు. "ఓహో, ఆ గొడవా! నా చేతిలో లేదని చెప్పాను కదమ్మా."

రెండో ముక్క పక్కపిల్ల లక్ష్మి ఆకులో పడింది.

"రెట్టింపు ఇస్తాను."

మూడో ముక్క.

ఫోన్ మోగింది. "కొవ్వూరు బ్రిడ్జి ఎక్కేశారంటండీ! పులుసేదీ?" అని ఆయన భార్య కేక అరుగు దాకా వినపడింది. నాలుగో ముక్క గరిటెలోకి ఎక్కింది.

లోకనాథ్ వెంటనే ఆఫీసుకి ఫోన్ కలిపాడు. "రమేష్ బాబూ, పాత ప్యాకులన్నీ తెరిచెయ్. ఎందుకని అడక్కు. ఒక్క నొక్కే కదయ్యా, నొక్కు!"

దుర్గ ఫోన్లో తాళం బొమ్మ పోయింది. పాఠం గొంతెత్తింది. లోకనాథ్ దాక కోసం చేతులు చాచాడు.

బుల్లెమ్మ గరిటె దించలేదు. "ఒక్క నొక్కా అండి?"

ఆయన చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంతోటి నొక్కుడికి నా కూతురు ఇన్నాళ్ళూ ఏడ్చిందా? నిజంగానే మీ చేతిలో లేదేమోనని, మిగిలింది ఇచ్చేద్దామనుకున్నానండి."

తలకాయా, తోకా, గుడ్లతో సహా ముక్కలన్నీ పిల్లల ఆకుల్లోకి దింపేసి, ఒట్టి పులుసూ నాలుగు బెండకాయలూ ఉన్న దాకని ఆయన ముందుకి తోసింది.

"ఇదేం పెట్టను వాళ్ళకి?"

"అది మీ తంటా అండి. ఇంకోటి. మా అక్క నిడదవోలులోనే చేపలమ్ముద్ది. మీ వియ్యపురాలు ఆవిడ దగ్గరే బేరమాడేది. మళ్ళీ తాళం పడిందో, మీ మర్యాద గంపలో పెట్టి ఇంటింటికీ పంచుద్ది."

లోకనాథ్ దాక ఎత్తుకుని, తొణక్కుండా కారెక్కాడు.

బుల్లెమ్మ కూతురి వైపు తిరిగింది. "ముళ్ళు చూసుకుని తిను. ఆ పాఠం మొదట్నుంచీ పెట్టు."