పిన్ని అడిగిన నీడ

తడి బట్టల వాసన.

నీలం, ఎరుపు, పసుపు... డాబా నిండా తీగలు, తీగల నిండా రంగులు. అంచుల నుంచి జారిన చుక్కలు నేలమీద ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

చలికాలపు ఉదయం. ఆమె పిట్టగోడ పక్కన నిలబడి ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఎదురుగా, ఊరి మధ్యలో — ఆమె గీసిన మేడ.

దేశంలో అంత ఎత్తు ఇంకేదీ లేదు. మబ్బు పట్టిన రోజు దాని తల కనబడదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందు అది కనబడుతుంది, ఊరు తర్వాత. ఊరి బొమ్మ గీయమంటే పిల్లలు ఇప్పుడు దాన్నే గీస్తున్నారు.

అది పూర్తయ్యాక ఇదే మొదటి చలికాలం.

దాని నీడ ఈ వీధి దాకా సాగే మొదటి ఉదయం ఇదే.

ఈ వీధంతా బట్టలకు రంగులద్దేవాళ్లు. తల్లి పోయాక ఆమెను పెంచిన పిన్ని కూడా అంతే. రంగునీళ్ల తొట్ల మధ్యే ఆమె పెరిగింది. బడికి వేసుకెళ్లిన ప్రతి గౌనుకూ ఏదో ఒక మరక. ఎండ ఉంటే వీధికి పని. ఎండ లేకపోతే బట్ట ఆరదు. బట్ట ఆరకపోతే ఏ ఇంట్లోనూ ముఖాలు వికసించవు.

మేడ కోసం పెట్టిన పోటీలో గెలిచిన మొదటి నమూనాను అప్పట్లో ఆమె పసిబిడ్డలా పొదివి పట్టుకుని తెచ్చింది. నిటారుగా, వెడల్పుగా, కింద ఎంతో పైనా అంతే. పిన్ని చేతులు తుడుచుకుని దాని చుట్టూ తిరిగి చూసింది.

"బాగుందే. దీని నీడ ఎటు పడుతుంది?"

ఆమె మళ్లీ నమూనా వైపు చూసింది.

గాలి ఎటు నుంచి కొడుతుందో తెలుసు. నేల ఎంత మోస్తుందో తెలుసు. నీడ సంగతి — ఎవరూ అడగలేదు. తనకూ తట్టలేదు.

లెక్క వేసింది. చలికాలం పొద్దంతా ఆ నీడ ఈ డాబాల మీదే పడుకుంటుంది.

వచ్చి చెప్పేసింది. పిన్ని తొట్టి దగ్గరికి వెళ్లి ఇంకో బట్ట ముంచింది. వీధి మాత్రం అంది — "మన పిల్లే మన ఎండకు అడ్డొచ్చింది."

మళ్లీ గీసింది. చెరిపింది. గీసింది.

వెడల్పు ముఖాన్ని పక్కకు తిప్పి, అంచును వీధివైపు పెట్టింది. పైకి వెళ్లేకొద్దీ సన్నం... ఇంకా సన్నం...

కట్టించేవాళ్లు ఒప్పుకోలేదు. పై అంతస్తులు అగ్గిపెట్టెలైపోతాయన్నారు. ఆమె పట్టు విడవలేదు. పొమ్మంటే పోవడానికీ సిద్ధపడింది. చివరికి గాలి ఆమె వైపు మాట్లాడింది. పెద్ద పంకాలు గాలి కొట్టే గదిలో రెండు నమూనాలనూ నిలబెట్టి చూస్తే, వెడల్పుది వణికిపోయింది. సన్నటిది గాలిని చీల్చి వదిలేసింది.

సన్నటిదే లేచింది.

కానీ కాగితం మీద నీడ వేరు. డాబా మీద నీడ వేరు.

"వస్తున్నారమ్మా దొరగారు!" బాబాయి కేక. చుట్టాల కోసం ఎదురుచూస్తున్నట్టు కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు.

నీడ వచ్చింది.

పక్క డాబా దాటింది. పిట్టగోడ ఎక్కింది. ఎరుపు నల్లబడింది. పసుపు మాసిపోయింది. ఆమె భుజాలు చల్లబడ్డాయి.

ప్రతి డాబా మీదా ఎవరో ఒకరు తలెత్తి చూస్తున్నారు.

లెక్క తప్పిందా... ఎక్కడైనా ఒక్క గీత...

"బొమ్మలా నిలబడ్డావేం? ఇటు పట్టు," అంది పిన్ని, తడి బట్ట కొస ఒకటి చేతికిస్తూ.

చెరో కొస పట్టుకుని మెలితిప్పారు. నీళ్లు కారాయి. దులిపారు. ఆరేశారు. ఇంకొకటి. ఇంకొకటి. ఇద్దరిలో ఎవరూ పైకి చూడలేదు.

తొట్టిలో బట్టలు అయిపోవచ్చాయి. ఆఖరిది దులుపుతుంటే — పిన్ని ముంజేతి మీద ఎండ.

గీసినట్టు, సన్నగా. తర్వాత మోచేతి దాకా. తర్వాత ముఖమంతా.

ఎరుపు మళ్లీ ఎరుపైంది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు బాబాయి. "దీనికోసమా ఇన్నాళ్లూ నిద్ర చెడగొట్టుకున్నాం?"

పక్క డాబా మీద ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అవతలి డాబాకు పాకింది. అక్కణ్ణుంచి ఆ పైదానికి.

పిన్ని నవ్వలేదు. రంగు చేతులతోనే ఆమె చెంపలు పట్టుకుంది.

"భయపడ్డానే. నీతో అనలేదు గానీ... చాలా భయపడ్డాను."

"నేనూ, పిన్నీ."

గుండెల మీది బండ దిగింది. దిగాక గానీ అది ఎంత బరువో తెలియలేదు. ఆమె పిట్టగోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు. పెదవుల మీద నవ్వు. చెంపల మీద నీలం.

నీడ ఆగలేదు. వీధి దాటింది. కాలువ దాటింది. ఆమె ఎప్పుడూ వెళ్లని, ఎప్పుడూ లెక్క వేయని ఒడ్డున, ఎవరిదో డాబా మీద, తువ్వాలు ఆరేస్తున్న మనిషి ఆగి తలెత్తి చూసింది.

"రావే, టీ చల్లారిపోతోంది," మెట్ల మీంచి పిన్ని.

"వస్తున్నా..."

అంది గానీ లేవలేదు.

అవతలి డాబా ఇంకా నీడలోనే ఉంది.